టెర్మినల్‌లో క్వెరీ రిజల్ట్‌కి రంగులు: సెలెక్ట్‌లో కోడ్ పెడితే చెత్త వస్తోంది, ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నైట్ షిఫ్ట్‌లో ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లి ట్రాన్సాక్షన్ టేబుల్ మీద క్వెరీ కొడుతున్నారు, ఒకచోట పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఇంకోచోట మైఎస్‌క్యూఎల్. రెండొందల రోలు వస్తే అందులో ఫెయిల్ అయినవి కంటికి ఆనట్లేదు, అవి ఎర్రగా కనబడాలి. గ్రాఫికల్ టూల్స్‌కి పర్మిషన్ లేదు. డేటా అడిగే సెలెక్ట్ వాక్యంలోనే కలర్ కోడ్ కలిపి చూశారు, పోస్ట్‌గ్రెస్‌లో ఆ కోడ్ అక్షరాలుగానే బయటికొచ్చింది, మైఎస్‌క్యూఎల్‌లో సున్నా ఎక్స్‌తో మొదలయ్యే ఏదో పొడుగాటి నంబర్ వచ్చింది.

సూటిగా చెప్తా. సెలెక్ట్‌లో రంగు వేయకండి. ఏ రో ముఖ్యమో సెలెక్ట్‌లో ఒక గుర్తు పెట్టండి చాలు, రంగు వేసే పని పేజర్‌కి (రిజల్ట్‌ని స్క్రీన్ మీద పేజీలుగా చూపించే ప్రోగ్రామ్) వదిలేయండి. క్లయింట్, అంటే మీరు క్వెరీ కొట్టే ప్రోగ్రామ్, ముందు టేబుల్ గీయాలి, గీయడం పూర్తయ్యాకే రంగు పడాలి. ముగ్గులో చుక్కలు పెట్టి గీతలు కలిపాకే కదా రంగులు నింపేది, ఇక్కడా అదే వరస.

కమాండ్లు మాటల్లోనే చెప్తున్నా, ఏ ముక్క ఎందుకుందో తెలిస్తే మీ టేబుల్‌కి తగ్గట్టు మీరే రాసుకోగలరు.

ముందు మీకొచ్చిన చెత్త ఎందుకొచ్చిందో చూద్దాం, అది తెలిస్తే మిగతాదంతా తేలిక. టెర్మినల్‌కి రంగు అనేది వేరే దారిలో ఏమీ వెళ్లదు, మామూలు అక్షరాల మధ్యలోనే 27 నంబర్ ఎస్కేప్ క్యారెక్టర్, తర్వాత [ గుర్తు, తర్వాత ఒక నంబర్, చివర చిన్న ఎమ్ అక్షరం వస్తే టెర్మినల్ దాన్ని అచ్చు వేయకుండా ఆజ్ఞలాగా తీసుకుంటుంది. 30 నుంచి 37 వరకు అక్షరాల రంగు (31 ఎరుపు, 33 పసుపు), 40 నుంచి 47 వెనకాల రంగు, 1 అంటే బోల్డ్, 0 అంటే అన్నీ రద్దు. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ కాలం నుంచీ ఈ పద్ధతే, దాంట్లో రంగులు లేవు కానీ బోల్డ్, అండర్‌లైన్, రివర్స్ ఇలాంటి కోడ్‌లతోనే వచ్చేవి.

చిక్కు ఏంటంటే మీ డేటాబేస్ క్లయింట్‌కి ఇది ఆజ్ఞ అని తెలియదు, దాని లెక్కలో ఇవీ కాలమ్‌లో ఉన్న అక్షరాలే. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్ అయితే కాలమ్‌లు సర్ది చూపించే మామూలు మోడ్‌లో కంట్రోల్ క్యారెక్టర్ కనబడగానే దాన్ని చదవగలిగే అక్షరాలుగా మార్చి చూపిస్తుంది, అందుకే మీకు బ్యాక్‌స్లాష్, ఎక్స్, 1బి అని కనబడింది (16 ఆధారంగా లెక్కించే హెక్స్‌లో 27ని 1బి అని రాస్తారు). అన్‌అలైన్డ్ మోడ్‌కి మారిస్తే రంగు వస్తుంది, కానీ కాలమ్‌ల వరస పోతుంది, ఇంక దేనికి? మైఎస్‌క్యూఎల్‌లో కారణం వేరు. చార్ అనే ఫంక్షన్ ఇచ్చేది బైనరీ స్ట్రింగ్, దాన్ని కాన్‌క్యాట్‌తో వేరే అక్షరాలకి కలిపితే మొత్తం బైనరీ అయిపోతుంది, 8.0.19 వెర్షన్ నుంచి ఆ క్లయింట్ మన ఎదురుగా నడుస్తున్నప్పుడు బైనరీని హెక్స్‌లో, అంటే మీకొచ్చిన ఆ సున్నా ఎక్స్ నంబర్‌లా, చూపించడం డిఫాల్ట్ చేశారు. చార్ లోపల 27 పక్కన యూజింగ్ యూటీఎఫ్8ఎమ్‌బీ4 అని రాస్తే హెక్స్ పోయి నిజంగానే ఎరుపు వస్తుంది.

వస్తుంది కానీ అప్పుడు టేబుల్ వంకరపోతుంది, ఎందుకంటే ఎరుపు మొదలుపెట్టే కోడ్ 5 క్యారెక్టర్లు, ఆపే కోడ్ 4, మొత్తం 9 కంటికి కనబడవు కానీ క్లయింట్ వాటినీ వెడల్పులో లెక్కేస్తుంది. రంగు పడ్డ రోల్లో కుడివైపు గీత 9 స్థానాలు ఎడమకి జరిగిపోతుంది. దీనికి ఒక చిట్కా ఉంది, రంగు అక్కర్లేని రోలకి కూడా 39 కోడ్ పెట్టడం, 39 అంటే డిఫాల్ట్ రంగు, దాని పొడుగు కూడా అంతే కాబట్టి రోలన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. హెడింగ్ మాత్రం సరిపోదు. ఆ కాలమ్‌ని ఆఖర్లో పెడితే కుడి అంచు ఒక్కటే కాస్త తేడాగా ఉంటుంది. నేను కొన్నాళ్లు ఇలాగే నడిపాను, క్వెరీ చదవడానికి వీల్లేకుండా తయారైంది, వేరేవాళ్లు అడిగితే ఇవ్వలేకపోయేవాణ్ని, అప్పుడు వదిలేశా.

ఇప్పుడు అసలు పద్ధతి. సెలెక్ట్‌లో మొదటి కాలమ్‌గా ఒక కేస్ రాయండి: స్టేటస్ ఫెయిల్డ్ అయితే '!!!', పెండింగ్‌లో పడి పదిహేను నిమిషాలు దాటితే '???', లేకపోతే ఖాళీ. దానికి ఫ్లాగ్ అని పేరు పెట్టండి. అంతే, క్వెరీలో రంగు ఊసే లేదు. తర్వాత పేజర్‌లో సెడ్‌కి (ఒక్కో లైన్ చదివి మార్చే కమాండ్) రెండు రూల్స్ ఇవ్వండి: లైన్‌లో '!!!' ఉంటే లైన్ మొదట్లో 1;31 కోడ్, చివర 0 కోడ్; '???' ఉంటే మొదట్లో 33, చివర 0. సెడ్ నుంచి వచ్చింది లెస్ అనే పేజర్‌కి పైప్ చేయండి, అంటే దీని అవుట్‌పుట్ నేరుగా దానికి అందించండి. రంగు కోడ్ లైన్‌కి ఆ చివరా ఈ చివరా మాత్రమే పడుతోంది కాబట్టి మధ్యలో కాలమ్‌లు కదిలే ప్రశ్నే లేదు.

లెస్‌కి నాలుగు ఆప్షన్లు కావాలి, నాలుగూ పెద్ద అక్షరాలే. ఆర్ పెడితేనే రంగు కోడ్‌లు రంగుల్లా కనబడతాయి. ఎస్ పెడితే వెడల్పు టేబుల్ మడత పడకుండా పక్కకి జరుపుకోవచ్చు. ఎఫ్ అంటే ఒక్క స్క్రీన్‌లో పట్టేస్తే వెంటనే బయటికి వచ్చేయడం, ఎక్స్ అంటే బయటికి వచ్చాక రిజల్ట్ స్క్రీన్ మీద అలాగే ఉండిపోవడం.

పీఎస్‌క్యూఎల్‌లో దీన్ని పేజర్ అనే మామూలు వేరియబుల్‌లో పెట్టకండి, మ్యాన్ పేజీలూ గిట్ లాగ్‌లూ అన్నీ మీ సెడ్ గుండానే వెళ్తాయి. పీఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్ పేజర్ అని దానికే ప్రత్యేకమైన వేరియబుల్ ఉంది, హోమ్ డైరెక్టరీలోని పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైల్‌లో బ్యాక్‌స్లాష్ సెట్‌ఎన్వ్‌తో అక్కడే సెట్ చేసుకోవచ్చు. పైపులున్న పెద్ద కమాండ్ ఇచ్చినా పర్లేదు, షెల్ ద్వారానే నడుస్తుంది. ఇంకొక్కటి, ఇది చాలామంది మిస్ అవుతారు: పేజర్ ఆన్‌లో ఉన్నా రిజల్ట్ స్క్రీన్‌లో పట్టేంత చిన్నదైతే పీఎస్‌క్యూఎల్ అసలు పేజర్‌ని పిలవదు, అప్పుడు రంగూ ఉండదు. నిన్న వచ్చింది ఇవాళ రాలేదేంటి అని తల పట్టుకుంటారు. బ్యాక్‌స్లాష్ పీసెట్ పేజర్ ఆల్వేస్ అని పెట్టేయండి, లెస్‌కి ఎఫ్ ఎలాగూ ఉంది కాబట్టి చిన్న రిజల్ట్‌కి అడ్డం రాదు.

ఒక్క క్వెరీకి మాత్రమే కావాలంటే సెమీకోలన్ బదులు బ్యాక్‌స్లాష్ జీ, దాని పక్కన పైప్ గుర్తు, తర్వాత కమాండ్ రాస్తే ఆ ఒక్క రిజల్ట్ ఆ కమాండ్‌కి వెళ్తుంది. కాన్ఫిగ్ ఫైల్స్ ముట్టుకోకూడని సర్వర్లలో నేను ఇదే వాడతా.

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకా తేలిక. ప్రాంప్ట్ దగ్గర పేజర్ అని కొట్టి పక్కన కమాండ్ రాయండి, నోపేజర్ అని కొట్టేదాకా ప్రతి రిజల్టూ, చిన్నదైనా పెద్దదైనా, దాని గుండానే వస్తుంది. యూనిక్స్, లినక్స్‌లోనే పనిచేస్తుంది. స్క్రిప్ట్ నుంచి బ్యాచ్‌గా నడిపితే ఈ పేజర్ ఉండదు, పైగా అవుట్‌పుట్ పైప్‌లోకి వెళ్తోందని తెలిసి క్లయింట్ గీతలు మానేసి ట్యాబ్‌లతో ఇస్తుంది. గీతలు కావాలంటే చిన్న టీ ఆప్షన్ ఇచ్చి షెల్‌లోనే సెడ్‌కి పైప్ చేసుకోండి.

మ్యాక్‌లోంచి చేస్తుంటే ఒక జాగ్రత్త, దాంతో వచ్చే సెడ్ లినక్స్‌లో ఉండే గ్నూ సెడ్ కాదు, ఎస్కేప్ క్యారెక్టర్‌ని ఎక్స్1బి అని రాస్తే అర్థం చేసుకోకపోవచ్చు. పెర్ల్ భాషతో అదే ఒక్క లైన్‌లో అయిపోతుంది.

గుర్తు ఎందుకు, నేరుగా ఫెయిల్డ్ అనే మాటకే రంగు వేస్తే సరిపోదా అంటారేమో. త్వరగా ఒకసారి చూసుకోవడానికైతే సరిపోతుంది, మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కి పెద్ద ఈ, కలర్ ఆల్వేస్ ఆప్షన్లు పెట్టి 'ఫెయిల్డ్|$' అని వెతకమంటే చాలు, ఆ $ ప్రతి లైన్‌కీ మ్యాచ్ అవుతుంది కాబట్టి ఏ లైనూ పోదు, మాట మాత్రం ఎర్రగా వస్తుంది. రెండో రంగు కోసం ఇంకో గ్రెప్ తగిలిస్తేనే తంటా. మొదటి గ్రెప్ పెట్టిన కోడ్‌లోని 31ని రెండో గ్రెప్ డేటా అనుకుంటుంది, మీరు వెతికేది 31 అయితే కోడ్ మధ్యలో కోడ్ పడి టేబుల్ నిండా పిచ్చి అక్షరాలు.

నాకు ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. ఒక పేమెంట్స్ కంపెనీలో రీఫండ్‌లు చూసేవాణ్ని, మాటకే రంగు వేసేవాణ్ని. రిమార్క్స్ కాలమ్‌లో సపోర్ట్ వాళ్లు "ముందు ఫెయిల్డ్, తర్వాత సక్సెస్" అని రాసేవాళ్లు. రంగు చూసి అలాంటి మూడు రీఫండ్‌లు మళ్లీ పంపించా, డబ్బు రెండుసార్లు వెళ్లింది. తిరిగి రాబట్టడానికి రెండు వారాలు పట్టింది, అందులో ఒక కస్టమర్‌కి నేనే ఫోన్ చేసి విషయం చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఏది ఫెయిల్ అనే నిర్ణయం ఎప్పుడూ క్వెరీలోనే, అక్కడ కాలమ్ పేరుతో, సరైన కండిషన్‌తో అడుగుతాం, తప్పుకి చోటుండదు. సెడ్‌కి కాలమ్‌లు తెలియవు, దానికి కనబడేది ఒక లైన్ అంతే. '!!!' లాంటిదే ఎంచుకోమనేది కూడా అందుకే, డేటాలో మామూలుగా రాని గుర్తు అయ్యుండాలి.

అంకెల విషయంలో కూడా అంతే. లక్ష దాటినవి పసుపులో రావాలి అని ఆక్ అనే కమాండ్‌తో పైప్ గుర్తు దగ్గర విడగొట్టి నాలుగో కాలమ్ చూడమని రాసేవాళ్లున్నారు. పీఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ బోర్డర్‌లో నాలుగోది నాలుగోదే. మైఎస్‌క్యూఎల్ టేబుల్‌కి ఎడమ అంచున కూడా గీత ఉంటుంది కాబట్టి అక్కడ అది ఐదోది అవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో బోర్డర్ 2 పెట్టినా ఐదోదే, లైన్‌స్టైల్ యూనికోడ్ పెడితే అసలా పైప్ గుర్తే ఉండదు. ఇవన్నీ దాటినా, మన పద్ధతిలో 1,00,000 అని కామాలతో ఫార్మాట్ చేసి ఉంటే అంకెగా మార్చేటప్పుడు ఆక్ మొదటి కామా దగ్గరే ఆగి దాన్ని 1 అనుకుంటుంది. లక్ష రూపాయలు ఒక్క రూపాయిగా లెక్కలోకి వెళ్తుంది, ఎర్రర్ కూడా రాదు. అదే కేస్‌లో అమౌంట్ లక్ష కంటే ఎక్కువ అని రాస్తే ఏ గొడవా లేదు.

మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. ఊరి పేర్లో మనుషుల పేర్లో తెలుగు లిపిలో ఉన్న టేబుల్ టెర్మినల్‌లో చూశారా ఎప్పుడైనా? గీతలు అటూ ఇటూ పోతాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో 6 కోడ్ పాయింట్లు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం. పీఎస్‌క్యూఎల్ హల్లుకి ఒకటి చొప్పున మూడు గడులు లెక్కేస్తుంది, మీ టెర్మినల్ ఫాంట్ దాన్ని ఎంతలో సర్దుతుందో దాని ఇష్టం. పైగా మన గుణింతాల గుర్తుల్లో గుడి, ఏత్వం లాంటివి యూనికోడ్ లెక్కలో చోటు తీసుకోనివి, కొమ్ములూ అనుస్వారమూ చోటు తీసుకునేవి. కాబట్టి ఫలానా నిలువు స్థానం నుంచి ఫలానా స్థానం దాకా రంగు వెయ్యి అనే స్క్రిప్ట్ తెలుగు డేటా మీద నిలబడదు. గుర్తు చూసి లైన్ మొత్తానికి రంగు వేసేది మాత్రం గీతలు ఎంత వంకరగా ఉన్నా గురి తప్పదు.

మీరు అడగలేదు కానీ రంగు గురించి మాట్లాడుతూ ఇది చెప్పకుండా ఉండలేను: రోలకంటే ముందు ప్రాంప్ట్‌కి రంగు వేయండి. ప్రొడక్షన్ అయితే ఎరుపు, టెస్ట్ అయితే ఆకుపచ్చ. మా టీమ్‌లో ఒకబ్బాయి రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుని టెస్ట్ అనుకుని ప్రొడక్షన్‌లో అప్‌డేట్ కొట్టాడు, వేర్ కండిషన్ ఉంది కాబట్టి కొన్ని వందల రోలతో పోయింది, తెల్లారేదాకా బ్యాకప్ నుంచి సరిచేశాం. రెండు ప్రాంప్ట్‌లూ అచ్చం ఒకేలా ఉన్నాయి, అతని తప్పని నేను ఇప్పటికీ అనను. పీఎస్‌క్యూఎల్‌లో ప్రాంప్ట్1 వేరియబుల్‌లో కలర్ కోడ్ రాసేటప్పుడు ఎస్కేప్‌ని %033 అని రాయాలి (27నే ఆక్టల్ లెక్కలో 033 అంటారు), కోడ్ ముందు %[ వెనక %] పెట్టాలి. ఈ బ్రాకెట్లు మర్చిపోతే మళ్లీ వెడల్పు జబ్బే, కనబడని క్యారెక్టర్లని కూడా లెక్కేసుకుని పొడుగాటి క్వెరీ టైప్ చేస్తుంటే లైన్ దాని మీదకే ఎక్కిపోతుంది.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. కలర్ ఆల్వేస్‌ని షెల్‌లో ఏలియాస్‌గా (కమాండ్‌కి మారుపేరు) పెట్టుకోకండి. ఒకసారి అలా పెట్టుకుని రిపోర్ట్‌ని ఫైల్‌లోకి తీసి అకౌంట్స్ వాళ్లకి పంపిస్తే, ఎక్సెల్‌లో స్టేటస్ కాలమ్ చూడ్డానికి బాగానే ఉంది కానీ ఫిల్టర్ పెడితే ఒక్కటీ దొరకట్లేదని గంట కొట్టుకున్నారు, లోపల కోడ్‌లు ఉండిపోయాయి. స్క్రిప్ట్ రాస్తే అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తోందా లేదా చూసి, టెర్మినల్ అయితేనే రంగు వేయండి. నో అండర్‌స్కోర్ కలర్ అనే వేరియబుల్ సెట్ అయ్యుంటే రంగు మానేయడం 2017 నుంచి చాలా ప్రోగ్రామ్‌లు పాటిస్తున్న ఆనవాయితీ, మీరూ పాటించండి.

సెక్యూరిటీ వైపు: లెస్‌కి పెద్ద ఆర్ మాత్రమే, చిన్న ఆర్ వద్దు. పెద్దది రంగుల్లాంటి కొన్నిటినే వదులుతుంది, చిన్నది వచ్చిందల్లా టెర్మినల్ మీదకి వదిలేస్తుంది. కస్టమర్ టైప్ చేసే కాలమ్‌లో ఎవరైనా కావాలని ఎస్కేప్ కోడ్‌లు పెడితే స్క్రీన్ తుడిచేయొచ్చు, ఉన్న రోని లేనట్టు చూపించొచ్చు. పీఎస్‌క్యూఎల్ వాటిని అక్షరాలుగా మారుస్తుందని పైన చెప్పా కదా, మీకు అడ్డం అనిపించిన ఆ పని నిజానికి రక్షణ. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాళ్లు కూడా 2025లో 3.50 వెర్షన్ నుంచి కమాండ్‌లైన్‌లో కంట్రోల్ క్యారెక్టర్లని నేరుగా వదలడం ఆపారు. మైఎస్‌క్యూఎల్ అలా మార్చదు కాబట్టి అక్కడ పేజర్‌లో సెడ్‌కి ముందు టీఆర్ కమాండ్‌తో 033 బైట్‌ని తీసేయండి, ఆ తర్వాతే మన రంగు. డేటాలోంచి వచ్చిన ఎస్కేప్‌లు అన్నీ పోయి మనం పెట్టినవే మిగులుతాయి.

ఇన్‌స్టాల్ చేసుకునే పర్మిషన్ దొరికితే పీఎస్‌పీజీ చూడండి, చెక్ దేశస్థుడు, పోస్ట్‌గ్రెస్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న పావెల్ స్టెహూలే రాసిన పేజర్. టేబుల్స్ కోసమే తయారైంది, ఎడమవైపు కాలమ్‌లు కదలకుండా ఆపి మిగతావి జరుపుకోవచ్చు, మైఎస్‌క్యూఎల్‌కి కూడా పనిచేస్తుంది. విలువని బట్టి రో రంగు మార్చడం కోసం కాదు, వెడల్పు టేబుల్‌లో దారి తప్పకుండా ఉండటానికి అది. పీజీసీఎల్‌ఐ, మైసీఎల్‌ఐ అనే క్లయింట్లు బాగుంటాయి, వాటి రంగులు ప్రధానంగా మనం టైప్ చేసే క్వెరీకి. పీజీ అండర్‌స్కోర్ కలర్ అనే వేరియబుల్ కూడా కొందరు చెప్తారు, అది ఎర్రర్ మెసేజ్‌లకే, రోలకి పనికిరాదు. ఒరాకిల్ వైపు ఎప్పుడైనా వెళ్తే ఎస్‌క్యూఎల్‌సీఎల్ అనే క్లయింట్‌లో ఎస్‌క్యూఎల్‌ఫార్మాట్‌ని ఆన్సీకన్సోల్ అని పెట్టుకోవచ్చు, అది రంగుల్ని లెక్కలో పెట్టుకునే తయారైంది.

రంగు ఎంపిక. 34 నీలం నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద చదవలేం, 33 పసుపు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద మాయమైపోతుంది, కాబట్టి మీ షిఫ్ట్‌లో మిగతావాళ్లు ఏ థీమ్ వాడతారో అడగండి. ఈ కోడ్‌ల రంగులు టెర్మినల్ థీమ్ ఎలా చెప్తే అలా ఉంటాయి, మీ ఎరుపు పక్కవాళ్లకి నారింజ కావచ్చు. ఎరుపు-ఆకుపచ్చ జంట మీద మాత్రం ఆధారపడకండి. మాతో నాలుగేళ్లు పనిచేసిన ఒకాయనకి ఆ రెండూ ఒకేలా కనబడతాయని రెండో ఏడాదిలో తెలిసింది, అడిగితే చెప్పారు, అప్పటిదాకా మేం పంపిన రంగుల స్క్రీన్‌షాట్‌లన్నీ ఆయన ఒక్కొక్క లైన్ చదువుకునే వచ్చారు. ఇప్పుడు ఆ '!!!' కాలమ్ ఉంది కాబట్టి ఆయనకీ, రంగుల్లేని లాగ్ ఫైల్‌కీ, ప్రింట్ తీసిన కాగితానికీ అదే క్వెరీ సరిపోతోంది.

ఇవాళ రాత్రికి ముందు మైఎస్‌క్యూఎల్‌లో చేసి చూడండి, అక్కడ ఫైల్స్ ఏవీ మార్చక్కర్లేదు, పేజర్ కమాండ్ ఒక్కటే. రంగు రాకపోతే మొదట లెస్ తీసేసి సెడ్ ఒక్కదానితో చూడండి: అప్పుడు వస్తే లోపం లెస్ ఆప్షన్లలో, అప్పుడూ రాకపోతే సెడ్ రూల్‌లో. ఏం కనబడిందో ఇక్కడ రాయండి, చూస్తా.